కెమెరా బెల్టు రంగు

ఇరవై ఆరేళ్ళుగా గురజాల చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తున్నాను. ఇన్నేళ్ళలో నా మాట చివరిదాకా విన్న మనిషి ఒక్కరూ తగల్లేదు. "కొంచెం పక్కకి జరుగు" అన్నవాళ్ళున్నారు. "మావాడు కళ్ళు మూశాడు, ఇంకోటి తియ్యి" అన్నవాళ్ళున్నారు. "భోంచేశావా" అని అడిగి, లేదని నేను చెప్పేలోపే వెళ్ళిపోయినవాళ్ళు ఎందరో. ఒకసారి మా ఫోటోగ్రాఫర్లందరం వనభోజనాలకు వెళితే, గ్రూపు ఫోటో తీయమని కెమెరా నా చేతికే ఇచ్చారు. ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి ముగ్గురు తమ స్టూడియోల్లో తగిలించుకున్నారు. అందులో నేను లేను. ఆ సంగతి ఇవాళ్టి వరకూ నాకు తప్ప ఎవరికీ తట్టలేదు.

అవన్నీ మింగి ఊరుకున్నాను. ఇది మాత్రం మింగుడుపడటం లేదు. శ్రావణమాసం నుంచి ఒకే ఒక ప్రశ్న అడుగుతున్నాను. ఇంటికి వెళ్ళి అడిగాను, రెండుసార్లు ఫోన్ చేసి అడిగాను, వాట్సాప్‌లో రాసి కూడా అడిగాను. రాసినదాని కింద రెండు నీలం గీతలు పడ్డాయి, అంటే చదివారు. జవాబు లేదు. అందుకే జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసి పెడుతున్నాను.

గురజాలకీ దాచేపల్లికీ మధ్య ఒక ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నారు. ఊరి పేరు రాయను, ఆయన పేరూ రాయను, చదివితే ఆయనకే తెలుస్తుంది. నేను స్టూడియో తెరిచిన మొదటి ఏడు ఆయన చిన్నకూతురి ఓణీల ఫంక్షన్‌కి నన్ను పిలిచారు. తర్వాత ఆ అమ్మాయి పెళ్ళి, ఆయన కొడుకు పెళ్ళి, మనవరాలి బారసాల, ఆయన షష్టిపూర్తి, అన్నీ నేనే తీశాను. ఆ ఇంటి హాల్లో గోడకున్న ఫోటోల్లో, ఆయన తండ్రిది తప్ప, నేను తీయనిది లేదు. మనవరాలి ఓణీల రోజున బంతి భోజనాల దగ్గర అందరూ వింటుండగా నా భుజం మీద చెయ్యేసి, "ఒరేయ్, దీని పెళ్ళికి కూడా నువ్వే తియ్యాల. ఇంకోణ్ణి గడప తొక్కనియ్యను" అన్నారు. ఆ మాట నేను అడిగి అనిపించుకున్నది కాదు.

ఆ పిల్లకి ఇప్పుడు మాఘంలో పెళ్ళి. వంటవాళ్ళకి చెప్పారు, సన్నాయి మేళానికి చెప్పారు, మండపం కట్టేవాళ్ళకి చెప్పారు. నాకు చెప్పలేదు. నాకు తెలిసినంతలో దీనికంతటికీ కారణం కెమెరాకి తగిలించుకునే ఒక బెల్టు.

కెమెరాతో పాటు వచ్చిన బెల్టు ఆరేళ్ళు వాడాను. అది మెడకు వేసుకునే రకం. రెంటచింతల ఎండలో నాలుగు పెళ్ళిళ్ళు చేస్తే ఏ బెల్టయినా చెమట తాగి ఉప్పుపట్టి బిరుసెక్కుతుంది. నాది అంచుల్లో పీచు లేచింది. అక్కడి చర్చిలో ఒక పెళ్ళి జరుగుతుండగా, ఫాదర్ గారు ఉంగరాలు దీవిస్తున్న సమయంలో, ఎడమవైపు కుట్టు రెండు పోగులు తెగిన చప్పుడు నాకు వినపడింది. కెమెరాని మోచేత్తో పొట్టకు అదిమి పట్టుకుని మిగతా పెళ్ళంతా తీశాను. దానికి తోడు మెడనొప్పి. నరసరావుపేటలో డాక్టరుకి చూపించుకుంటే, "ఏం పని చేస్తావ్?" అని అడిగాడు. చెప్పాను. "బరువు మెడకి కాదయ్యా, భుజానికి ఎయ్యి" అన్నాడు. అందుకని ఉగాది వెళ్ళాక బెల్టు కొనడానికి అదే ఊళ్ళో ఒక సందులో ఉన్న దుకాణానికి వెళ్ళాను.

ఆ దుకాణం ఆయనకి నా వయసే ఉంటుంది. అంతకు మూడేళ్ళ ముందు నాకొక బ్యాటరీ అమ్మాడు. అది నెలకే చచ్చింది. తీసుకెళ్ళి చూపిస్తే, "వాడకాన్ని బట్టి ఉండిద్దన్నా" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. కానీ గుంటూరు దాకా పోకుండా ఇలాంటి సామాను దొరికేది ఆయన దగ్గరే. లోపలికి అడుగుపెట్టగానే, "రాన్నా, రా, చానా రోజులైంది" అని నవ్వాడు. అంత నవ్వు ఎందుకో అని అప్పుడే అనుకున్నాను.

బల్ల మీద మూడు రకాలు పరిచాడు. మొదటిది తోలుది. చూడటానికి దర్జాగా ఉంది. నేను జేబురుమాలు తడిపి దాని మీద గట్టిగా రుద్దాను. రుమాలుకి ఇటుక రంగు అంటుకుంది.

"ఏందన్నా అది, కొనకముందే ఉతుకుతున్నావు?"

"మా ఎండల్లో ఇది నా తెల్లచొక్కా మీద దిగిద్ది. అప్పుడు నువ్వొచ్చి ఉతుకుతావా?"

"ఒరిజినల్ తోలన్నా."

"ఒరిజినల్ అని నిన్ను నేను అడగలేదుగా. నువ్వే ఎందుకు చెప్పావు?"

ఆయన దాన్ని తీసి లోపల పెట్టాడు. రెండోది రెండు భుజాలకీ వేసుకుని రెండు కెమెరాలు తగిలించుకునేది. ఇప్పుడు కుర్రకారంతా అదే వాడుతున్నారట. "అందరూ ఇదే తీసుకుంటున్నారు" అన్నాడు. అందరూ తీసుకుంటున్నారని అమ్మేవాడు చెబితే నాకు ముందు అనుమానం పుడుతుంది. వేసుకుని చూశాను. రెండు తుంటి ఎముకల మీదా రెండు కెమెరాలు వేలాడుతాయి. మా పెళ్ళి మండపాల మీద పిల్లలు ఎంత ఎత్తుంటారో, ఎక్కడెక్కడ దూరుతారో నాకు తెలుసు. వంగి జీలకర్ర బెల్లం తీస్తుంటే వెనకాల ఎవరి పసిబిడ్డ నుదుటికి తగులుతుందో చెప్పలేం. పైగా అది విప్పుకోవాలంటే వీపు వెనక ఇంకొకరి చెయ్యి కావాలి. నా వీపు వెనకకి మనుషుల్ని రానిచ్చే అలవాటు నాకు లేదు. వద్దన్నాను.

మూడోది ఒక భుజం మీంచి అడ్డంగా వేసుకునేది. కెమెరా అడుగున మరతో బిగిస్తే తుంటి దగ్గర వేలాడుతుంది. తియ్యాలనుకున్నప్పుడు బెల్టు కదలదు, కెమెరా ఒక్కటే దాని వెంట జారి కంటి దగ్గరకొస్తుంది. మర ఊడినా పడకుండా పక్కన చిన్న తాడు కూడా ఉంది. నాకు నచ్చింది. నచ్చినట్టు మొహం మీద కనపడనీయలేదు. కుట్లు చూశాను. రెండు చివర్లా చతురస్రం కుట్టి మధ్యలో ఇంటూ మార్కులాగా కుట్టారు, అలా కుడితేనే లాగుడికి ఆగుతుంది. గోటితో పోగు లేపడానికి చూశాను, లేవలేదు. అయినా నమ్మకం కలగక, ఆ దుకాణంలో తాగడానికి పెట్టుకున్న ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను మెడకి ఆ బెల్టు తగిలించి పైకెత్తాను.

"అన్నా, అన్నా! దించు! కింద కంప్యూటరుంది!"

"నా కెమెరా కింద పెళ్ళికూతురుంటది."

టిన్ను ఊగింది గానీ బెల్టు సాగలేదు. వంద అంకెలు లెక్కపెట్టి దించాను. అప్పుడు రంగు దగ్గరకొచ్చాం. నల్లది ఒక్కటే మిగిలింది, దానికి ఒక చివర కుట్టు వంకర పోయింది. పసుపు రంగువి మాత్రం పెట్టె నిండా ఉన్నాయి.

"నల్లవి ఏమైనయి?"

"అయిపోయినయన్నా. అందరూ నల్లదే అడుగుతున్నారు."

అక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఎందుకు అందరూ నల్లదే అడుగుతున్నారు అని ఇంకొక్క ప్రశ్న వేసి ఉండాల్సింది. వేయలేదు. నా మనసులో నా లెక్క నాకుంది. పెళ్ళిలో ఎక్కడ చెయ్యి పెట్టినా పసుపే. అక్షింతలు, తలంబ్రాలు, కాళ్ళకు పసుపు రాసినవాళ్ళ వేళ్ళు, ఏది తగిలినా నల్ల బెల్టు మీద మచ్చలు తేలతాయి. తెల్లదైతే ఇంకా అన్యాయం. పసుపు బెల్టు మీద పసుపు ఎంత పడినా ఎవరికీ కనపడదు. దానికి తోడు, శుభకార్యానికి నల్లటిది వేలాడేసుకొచ్చావేమిటని నన్ను ఒకసారి ఒక ముసలమ్మ ముహూర్తం వేళ అడిగింది. కాబట్టి పసుపే మంచిదనుకున్నాను. రంగు దిగుతుందా, కుట్టు ఆగుతుందా, మర పట్టు ఉందా అని అన్నీ అనుమానించిన నేను, ఆ రంగును చూసి మనుషులు ఏమనుకుంటారన్నది మాత్రం అనుమానించలేదు.

దుకాణం ఆయనకి తెలియదా? ఆయన ఆ గదిలోనే వెనక మిషన్ మీద సభలకి ఫ్లెక్సీలు వేస్తాడు. కార్యకర్తల మెడలో వేసుకునే కార్డులకి తాళ్ళు తెప్పించి ఇస్తాడు. ఏ ఊళ్ళో ఏ రంగు చెల్లుతుందో పల్నాడులో ఆయనకన్నా తెలిసినవాడు లేడు. పోయిన బ్యాటరీ గురించి నేను నలుగురి ముందు అన్న మాటలు ఆయన మనసులో పెట్టుకున్నాడని నా అనుమానం. తర్వాత వెళ్ళి అడిగితే, "నువ్వే ఎంచుకున్నావుగా అన్నా, నీళ్ళ టిన్ను కూడా కట్టి చూశావు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. అదే నాకు మండింది.

తెలియనివాళ్ళకి రంగుల సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు పసుపు ఒకరిది, నీలం ఒకరిది, ఎరుపు ఇంకొకరిది, కాషాయం వేరొకరిది. ప్రహరీగోడకి సున్నం వేయించాలన్నా, ట్రాక్టరు తొట్టికి రంగు కొట్టించాలన్నా ఆలోచించి వేస్తారు. ఫలితాలు వచ్చిన వారానికి గేటు రంగు మార్చినవాళ్ళని నేను చూశాను. పెద్దవాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళయితే మండపం కట్టేవాళ్ళు ముహూర్తం కన్నా ముందు ఆ ఇంటి పార్టీ కనుక్కుంటారు, పట్టుబట్టలు ఏ రంగువి కట్టాలో తెలియడానికి. ఇవన్నీ నాకు తెలుసు. కానీ ఫోటోగ్రాఫర్ని ఎవరు చూస్తారు? ఇరవై ఆరేళ్ళు నన్ను ఎవరూ చూడలేదు. ఒక్క బెల్టు వేసుకుంటే చూస్తారని ఎలా అనుకుంటాను?

వైశాఖంలో పెద్దాయన తమ్ముడి కొడుక్కి పెళ్ళి. దాచేపల్లి దగ్గర కళ్యాణ మండపంలో. పంచాయతీ ఎన్నికలు వస్తాయని అందరూ అనుకుంటున్న రోజులు. పొద్దున్నే సామాను దించుతుంటే నన్ను మొదట చూసింది నాతో పదకొండేళ్ళుగా పనిచేసే వీడియో అతను. నన్ను బాబాయ్ అని పిలుస్తాడు. అతని ఊరు అక్కడికి దగ్గరే.

"బాబాయ్, బెల్టు కొత్తదా?"

"ఊఁ."

"బాగుంది."

అంతే అన్నాడు. అతని కెమెరాకి నల్ల బెల్టు ఉంది. ఆ ఇల్లు ఏ పార్టీయో అతనికి తెలుసు, నాకూ తెలుసు, కానీ అతనికి నా బెల్టు కనపడుతోంది, నాకు కనపడటం లేదు. "బాబాయ్, ఇయ్యాలకి అది తీసెయ్" అని ఒక్క మాట ఎందుకు అనలేదు? ఈ ప్రశ్న అతన్నీ అడిగాను. "నీకు చెప్తే వింటావా బాబాయ్?" అన్నాడు. అదీ ఒక జవాబే అనుకుంటాడేమో.

కాళ్ళు కడగడం, మధుపర్కాలు కట్టుకోవడం అయ్యాయి. ముహూర్తానికి ఇంకా కొద్ది నిమిషాలుందనగా పెళ్ళికొడుకు మేనమామ మండపం ఎక్కాడు. పెద్దాయనకి స్వయానా బావమరిది, అన్నదమ్ములిద్దరూ అక్కాచెల్లెళ్ళనే చేసుకున్నారు. ఈ మధ్యే పార్టీలో ఏదో పదవి వచ్చింది, అప్పటి నుంచి చొక్కా మడత నలగనివ్వడు. భుజం మీద వాళ్ళ పార్టీ కండువా ఉంది. నా ఎదురుగా నిలబడి పైనుంచి కిందికి చూశాడు.

"ఏందయ్యా, కండువా ఏసుకొని మా ఇంటి పెళ్ళికొచ్చావు?"

"కండువా కాదండీ, కెమెరా బెల్టు."

"ఆ సంగతి మాకూ కనపడతంది. తీసెయ్."

"తీస్తే మర విప్పాల. కెమెరా, పెద్ద లెన్సు, ఫ్లాషు కలిపి ఒక్క చేత్తో ఆగదండీ. ముహూర్తం దగ్గర పడింది."

"అయితే చొక్కా లోపల ఏసుకో."

"బెల్టు చొక్కాలో ఉంటే కెమెరా కూడా చొక్కాలోనే ఉండిద్దండీ."

కింద మొదటి వరుసలో కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. నేను నవ్వించాలని అనలేదు, ఉన్నమాట అన్నాను. ఆయన మొహం మారింది. తన భుజం మీది కండువా తీసి నా భుజం మీద, సరిగ్గా బెల్టు మీద, కప్పబోయాడు.

"పోనీ ఇది కప్పుకో. పెళ్ళయ్యేదాకా."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. కండువా నాకూ ఆయనకీ మధ్య కింద పడింది. సన్నాయి ఊదేవాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగిన సమయం అది, అందువల్ల అందరూ చూశారు.

"నాది బెల్టండీ. అది నిజంగా కండువా. వద్దు."

మా ప్రాంతంలో కండువా కప్పుకోవడమంటే పార్టీలో చేరడం. చలికి కప్పినా, ఎండకి కప్పినా, బెల్టు దాచడానికి కప్పినా ఫోటోలో ఒక్కలాగే ఉంటుంది. ఇన్నేళ్ళుగా ఫోటోలు తీసేవాణ్ణి, అది నాకన్నా ఎవరికి తెలుసు? నేను రెండు వైపులవాళ్ళ ఇళ్ళల్లోనూ పనిచేస్తాను. ఆ రోజు ఆ గుడ్డ నా భుజం మీద పడి ఉంటే, సాయంత్రానికల్లా నేను చేరిపోయానని ఫోటో తిరిగేది. దానికోసం కింద ఎవరో ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉన్నారని నా నమ్మకం. ఎందుకు నమ్ముతున్నానో తర్వాత చెబుతాను.

అప్పుడు నేను పెద్దాయన వైపు చూశాను. మొదటి వరుసలో కుర్చీలో ఉన్నారు. "పోనీయ్ రా, వాడు మనోడే" అని ఒక్క మాట అంటే అక్కడితో అయిపోయేది. ఆయన తల ఎత్తి పైన తిరుగుతున్న ఫ్యాను చూశారు. ఆ ఫ్యానులో ఏముందో తర్వాత నేనూ చూశాను. ఏమీ లేదు.

మేనమామ కండువా తీసుకుని దులుపుకున్నాడు గానీ పక్కకి పోలేదు. మాంగల్యధారణ సమయానికి సరిగ్గా నా లెన్సుకి అడ్డంగా నిలబడి చేతులు నడుం మీద పెట్టుకున్నాడు. నేను పక్కకి జరిగితే ఆయనా జరిగాడు. వంగితే వంగినట్టే కదిలాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన మోచేతికీ నడుముకీ మధ్య ఉన్న సందులోంచి తీశాను. మూడు ముళ్ళలో రెండోది ఒక్కటే దొరికింది. పెళ్ళికొడుకు వేళ్ళు, పసుపు తాడు, పెళ్ళికూతురి మెడ మీద చెమటచుక్క. చుట్టూ చట్రంలాగా ఆయన తెల్లచొక్కా చెయ్యి. ఇన్నేళ్ళలో నేను తీసిన ముడి ఫోటోల్లో అంత బాగా వచ్చింది ఇంకొకటి లేదు. వాళ్ళు దాన్ని ఆల్బంలో పెట్టుకోలేదు.

ఆ పెళ్ళిలో పసుపు రంగు ఎక్కడ లేదు? మండపం నిండా బంతిపూలు. అక్షింతల పళ్ళెం. మధుపర్కాలు ముంచి తీసింది పసుపులోనే. కొబ్బరిబొండానికి రాసింది పసుపే. అవేవీ పార్టీ కాలేదు. నా భుజం మీద ఉన్నది మాత్రమే పార్టీ అయింది.

రెండు రోజుల తర్వాత ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో తిరిగింది. నేనూ మేనమామా ఎదురెదురుగా, మధ్యలో కిందికి జారుతున్న కండువా. కింద ఎవరో రాసిన మాట: "మనింటి పెళ్ళి, వాళ్ళ ఫోటోగ్రాఫర్." నాకు దాన్ని పంపింది మా స్టూడియో పక్కన జెరాక్సు సెంటరు ఆవిడ. నేను దాన్ని పెద్దది చేసి చూశాను. ఫోన్‌తో తీసింది. మండపం కుడి స్తంభం సగం పడింది, వీడియో లైటు వెలుగు తీసినవాడి వెనక నుంచి వస్తోంది, ఫోన్ పట్టుకున్న ఎత్తు నా ఛాతీ దాకా. ఎవరు ఎక్కడ నిలబడ్డారో నాకు బాగా గుర్తుంది. ఆ లైటు పక్కన ఉండేది వీడియో అతనే. పైగా కండువా గాల్లో ఉన్నప్పుడు, నేలకి తగలకముందు తీసిన ఫోటో అది. ముందే ఫోన్ ఎత్తి పట్టుకుని ఉంటే తప్ప ఆ క్షణం ఎవరికీ దొరకదు. నేను చేసే పని అదే కాబట్టి చెబుతున్నాను.

అతన్ని పిలిచి అడిగాను.

"నువ్వు తీశావా?"

"బాబాయ్, ఆ టైముకి నా రెండు చేతులూ వీడియో కెమెరా మీద ఉన్నయి. కావాలంటే వీడియో చూసుకో, ఎక్కడన్నా కదిలిందేమో."

చూశాను. కదల్లేదు. నమ్మానని చెప్పలేను, కాదని కూడా చెప్పలేకపోతున్నాను. అతని పక్కన ఇంకెవరన్నా నిలబడ్డారా అంటే గుర్తులేదన్నాడు. పదకొండేళ్ళుగా ఏ పెళ్ళిలో ఏ కూర బాగుందో చెప్పగలిగే మనిషికి ఆ ఒక్కటీ గుర్తులేదు.

ఆ తర్వాత ఆ ఊరి నుంచి రావాల్సిన రెండు ఫంక్షన్లు పోయాయి. ఒకరు, "మా బావమరిది కెమెరా కొన్నాడు" అన్నారు. ఇంకొకరు, "డేటు మారింది, చెప్తాంలే" అన్నారు. ఆ తేదీన నేను పనిమీద అటు వెళుతూ చూశాను. వాళ్ళ ఇంటి ముందు షామియానా వేసి ఉంది.

శ్రావణంలో పెద్దాయన మనవరాలి పెళ్ళి కుదిరిందని తెలిసింది. నా ఫోన్ మోగలేదు. పసుపు బెల్టు విప్పి అలమరలో పడేశాను. భయపడి కాదు, దానివల్లే అయితే ఆ సాకు కూడా మిగల్చకూడదని. గురజాల బస్టాండు దగ్గర గోతాలూ బ్యాగులూ కుట్టే ఆయన దగ్గరకెళ్ళి భుజానికి వేసుకునే బెల్టు కుట్టమన్నాను.

"ఏ రంగు గుడ్డ పెట్టమంటావు?" అన్నాడు.

"రంగు లేనిది."

ఆయన కుట్టు మిషన్ ఆపి నా మొహం చూశాడు. ఫోటో ఆయనకీ చేరిందని ఆ చూపులోనే తెలిసింది.

"రంగు లేనిదంటే నవారే. మంచానికి అల్లేది. దాన్ని ఇంకా ఏ పార్టీ తీసుకోలా."

"రేపు తీసుకుంటే?"

"అప్పుడు మంచాలు కూడా మానేద్దాంలే."

నవారుని రెండు మడతలు వేసి, చివర్లు నేను చెప్పినట్టే చతురస్రం, మధ్యలో ఇంటూ కుట్టి, పసుపు బెల్టుకున్న మరా కొక్కెమూ దానికి బిగించి ఇచ్చాడు. ఆయన దుకాణం దూలానికి కట్టి సగం బస్తా మిరపకాయలు వేలాడదీసి చూశాను. ఆయన తుమ్మాడు అంతే. చెమట పీల్చుకుంటుంది, భుజం కోయదు. ఉతికితే మళ్ళీ తెల్లగా వస్తుంది. కొన్న వాటిలో ఏదీ దీనికి సాటి రాదని నిజంగానే చెబుతున్నాను.

దసరా వెళ్ళిన వారంలో ఆ బెల్టుతో, కెమెరాతో పెద్దాయన ఇంటికెళ్ళాను. పొద్దున పదింటికి వరండాలో పేపరు చదువుకుంటున్నారు. కూర్చోమన్నారు. ఆయన భార్యని నేను పెద్దమ్మా అంటాను. ఆమె కాఫీ తెచ్చింది. మిర్చి నారు గురించి, వానల గురించి, కొత్తగా వేస్తున్న రోడ్డు గురించి మాట్లాడారు. పెళ్ళి మాట రాలేదు. చివరికి ఆయన చెయ్యి చాపి నా భుజం మీది బెల్టు పట్టుకుని చూశారు.

"నవారా ఇది?"

"అవును పెదనాన్నా."

"బాగుందిరా. గట్టిగా ఉంది."

"మాఘంలో పెళ్ళి అంటున్నారు. నన్ను రమ్మంటారా?"

"చూద్దాంలే."

ఆ మాట విన్న తర్వాత మా ప్రాంతంలో ఎవరైనా లేచి వెళ్ళిపోతారు. మొహం మీద వద్దనడం ఇక్కడ మర్యాద కాదు, చూద్దాంలే అంటే వద్దనే. కానీ ఆ మాట ఒక్కోసారి నిజంగా చూద్దాం అనే అర్థంలో కూడా అంటారు. ఎలా తెలుస్తుంది? నేను లేవలేదు. ఆయన పేపరు మళ్ళీ ఎత్తారు. గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మే నోరు తెరిచింది.

"ఆ రోజు ఆ కండువా ఐదు నిమిషాలు కప్పుకుంటే నీకేం పోయేది నాయనా? మా తమ్ముడు నలుగురిలో తల దించుకున్నాడు."

"పెద్దమ్మా, ఐదు నిమిషాలు కప్పుకుంటే ఐదేళ్ళు ఆ పార్టీవాడంటారు. అవతలోళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకి నన్నెవరు పిలుస్తారు?"

"మేం ఉన్నాంగా."

"ఉన్నారా?"

ఆమె ఖాళీ కాఫీ గ్లాసు అందుకుంది. ఆయన పేపరు దించలేదు, కానీ పేజీ కూడా తిప్పలేదు. అప్పుడే నాకు కిటికీ దగ్గర బల్ల మీద ఒక కొత్త ఆల్బం కనపడింది. అట్ట మీద రాత నాది కాదు. చూడటానికి ఇచ్చిన నమూనా ఆల్బం అది, పెళ్ళివాళ్ళకి నచ్చుతుందేమోనని ముందుగా తెచ్చి పెడతారు. ఎవరు తెచ్చారని అడిగాను. "ఎవరో పెట్టి పోయారు" అంది పెద్దమ్మ. ఆ ఇంట్లోకి ఎవరో వచ్చి ఏదో పెట్టి పోవడం ఇన్నేళ్ళలో నేను చూడలేదు. లోపల ఫోన్ మోగింది. పెద్దాయన లేచి వెళ్ళారు. నేను అరగంట కూర్చున్నాను. గదిలోంచి మాటలు వినపడటం మానేసి చాలాసేపయింది, ఆయన మాత్రం బయటకి రాలేదు.

పెదనాన్నా, ఇప్పుడు మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ పిల్ల బారసాల ఫోటో తీసినప్పుడు అది నా వేలు పట్టుకుని వదల్లేదు, మీరే నవ్వారు. దాని పెళ్ళి నేను తీయాలనుకోవడం బేరం కోసం కాదని మీకు తెలుసు. వద్దనుకుంటే వద్దని చెప్పండి, మర్యాద తక్కువేమీ అనుకోను. కానీ ఎందుకో చెప్పండి. బెల్టు పసుపుగా ఉన్నందుకా? అది తీసేశాను. మీ బావమరిది కండువా కప్పుకోనందుకా? అది ఇప్పుడు అడిగినా కప్పుకోను. నా గురించి ఎవరైనా వచ్చి ఇంకేమైనా చెప్పారా? అయితే ఆ మనిషి ఎవరో, చెప్పిన మాట ఏమిటో నాకు తెలియాలి. ఆ రోజు మండపం ముందు కూర్చుని మీరు అంతా చూశారు. నాది తప్పో కాదో మీకు ఒక అభిప్రాయం ఉండే ఉంటుంది. పెద్దమ్మతో చెప్పించవద్దు, చూద్దాంలే అనవద్దు, ఫోన్ మోగిందని లోపలికి వెళ్ళవద్దు. ఈ కార్తీకం దాటకముందే, మీ నోటితో, అవునని గానీ కాదని గానీ నాకు చెప్పండి.